ఎండుచేపల బుట్టలో నేను పెట్టిన గంజాయి

2014 నవంబరులో నన్ను పాతపట్నం అవతల, ఒడిశా హద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చెక్‌పోస్టుకు బదిలీ చేశారు. అప్పటికి నేను ఎక్సైజ్ శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్ళుంది. కుటుంబాన్ని విజయనగరంలోనే ఉంచి నేనొక్కడినే క్వార్టర్సులో దిగాను. నా కింద ఒక సబ్ ఇన్‌స్పెక్టరు, ఒక హెడ్ కానిస్టేబులు, ఆరుగురు కానిస్టేబుళ్ళు ఉండేవారు. సబ్ ఇన్‌స్పెక్టరుకు కోర్టుల చుట్టూ తిరగడంతోనే సరిపోయేది. పోస్టును నిజంగా నడిపించేవాడు హెడ్ కానిస్టేబులు సింహాచలం.

ఆ పోస్టును తలచుకుంటే ముందు గుర్తుకొచ్చేది మంచు. మహేంద్రతనయ నది మీద పుట్టి, వరి కోసేసిన పొలాల మీదుగా పాకుతూ వచ్చి, మా గేటు కర్రను సగం దాకా మింగేసేది. పొద్దున్న ఏడింటికి కూడా కర్ర చివర కనిపించేది కాదు. లారీ వస్తున్నదని దీపాల వల్ల కాక చప్పుడు వల్ల తెలిసేది. మనుషులు కూడా అలాగే వచ్చేవారు. ముందు మాటలు, తరవాత కాళ్ళు, ఆఖరున ముఖాలు. ఉద్యోగంలో పాతికేళ్ళకు పైగా రకరకాల చోట్ల కూర్చున్నాను గానీ, నిద్రలో ఉన్నానో మెలకువగా ఉన్నానో తేలని చోటు అదొక్కటే.

గంజాయి పట్టుకోవడమంటే ఛేజింగులు, తుపాకులు అని చాలామంది అనుకుంటారు. మా పనిలో ఎక్కువ భాగం కాగితం, లక్క, దారం. సరుకు దొరికితే ఊళ్ళోంచి ఇద్దరు పెద్దమనుషులను మధ్యవర్తులుగా పిలవాలి. వాళ్ళ ఎదుట తూచాలి. అందులోంచి నమూనాలు తీసి, సంచుల్లో కట్టి, దారం ముడి మీద లక్క కరిగించి పోసి, ఇత్తడి ముద్ర వేయాలి. పంచనామా రాసి మధ్యవర్తుల సంతకాలు తీసుకోవాలి. నమూనా లేబరేటరీకి చేరేసరికి ముద్ర చెక్కుచెదరకుండా ఉండాలి. లక్క పగిలిందంటే లోపల సరుకు అదే అయినా కోర్టు నమ్మదు. ముద్ర పగిలి కేసు పోగొట్టుకున్న అధికారులు నాకు తెలుసు. ఆ బాధ కన్నబిడ్డ జబ్బుపడ్డట్టే చెప్పుకునేవారు.

డిసెంబరులో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఒక టెలివిజన్ ఛానలు వారు గంజాయి సామ్రాజ్యం నడిపే ఒక పెద్దమనిషి మీద ధారావాహిక తీస్తున్నారనీ, దాని మొదటి ఎపిసోడును మా ప్రాంతంలో చిత్రీకరిస్తారనీ, తగు సహకారం అందించవలసినదనీ అందులో ఉంది. సహకారం అంటే ఎంతవరకు అన్నది రాయలేదు. అలాంటివి ఎప్పుడూ రాయరు.

దర్శకుడి పేరు ప్రణీత్. హైదరాబాదు నుంచి వచ్చాడు, ముప్పై దాటి ఉండడు. మర్యాద తెలిసిన మనిషి. మా పోస్టును అటూ ఇటూ తిరిగి చూసి, ఇది చెక్‌పోస్టులా లేదు సార్ అన్నాడు. మరేంటిలా ఉంది అని అడిగితే, ఇబ్బందిగా నవ్వి, పాలకేంద్రంలా ఉంది అన్నాడు. అందుకని రెండు ఫర్లాంగుల దూరంలో, అదే రోడ్డు మీద, వాళ్ళే ఒక చెక్‌పోస్టు కట్టుకున్నారు. ఇసుక బస్తాలు, ఎర్రదీపం, మా దగ్గర ఏనాడూ లేని వైర్‌లెస్ సెట్టు, అన్నీ పెట్టారు. నా వేషం కట్టిన నటుడికి యూనిఫాం నాకంటే బాగా అమరింది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, మంచులో వచ్చే లారీలు ఆ దొంగ పోస్టు దగ్గరే ఆగి, నటులకు పర్మిట్లు చూపించేవి. వాళ్ళు కూడా గంభీరంగా చూసి పంపించేసేవారు. తరవాత మా దగ్గరకొచ్చిన డ్రైవర్లు ఇందాకే చూపించాం కదా అని విసుక్కునేవారు.

“ఏటి సార్, ఆలే బాగున్నారు. మనమే ఏసాలేసుకున్నట్టున్నాం,” అన్నాడు సింహాచలం. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ మాటలో కొంత నిజం ఉందనిపించింది.

మూడో రోజు పొద్దున్న ప్రణీత్ నా దగ్గర కూర్చుని టీ తాగుతూ అసలు విషయానికొచ్చాడు. మొదటి ఎపిసోడు మొదటి దృశ్యంలో సరుకు హద్దు దాటాలి. కారు డిక్కీలు, లారీ అడుగున అరలు, కూరగాయల మూటలు అందరూ చూసేశారు. మీరు పట్టుకోలేకపోయిన పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి సార్ అని అడిగాడు. నాకు తెలిసిన పద్ధతులు ఉన్నాయి. కానీ అవన్నీ విచారణలో ఉన్న కేసులకు సంబంధించినవి. బయటికి చెప్పకూడదు. చెప్పకూడదు అని ఆ ఒక్క మాట అనేసి ఊరుకుంటే సరిపోయేది. అలా అంటే ఏమీ తెలియనివాడిలా కనిపిస్తానేమోనని నాకు లోపల ఏదో గుచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే మంచులోంచి నలుగురు ఆడవాళ్ళు నెత్తిన బుట్టలతో నడిచి వస్తున్నారు. భావనపాడు వైపు సముద్రపు పల్లెల నుంచి ఎండుచేపలు తెచ్చేవాళ్ళు. నౌపడా దగ్గర గుణుపురం పాసింజరెక్కి, పాతపట్నంలో దిగి, అక్కడి నుంచి కాలినడకన హద్దు దాటి ఒడిశా పల్లెల్లో అమ్ముకుంటారు. వారానికోసారి, శుక్రవారం వచ్చేవారు. వాళ్ళు దాటిపోయాక కాసేపటిదాకా ఆ వాసన గాలిలో నిలిచి ఉంటుంది. నేను వాళ్ళకేసి చూస్తూ, ఎండుచేపల బుట్టల్లో పెడితే మాలో ఎవడూ దగ్గరికి పోడు, వాసనకే వెనక్కి తిరుగుతాం అన్నాను.

అంతే. అది గాలిలో కట్టిన మాట. నా సర్వీసులో అలాంటి కేసు ఒక్కటీ లేదు. విన్నది కూడా లేదు. కానీ ప్రణీత్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇది నిజంగా జరిగిందా సార్ అని అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. పెద్దమనిషి తరహాలో తల ఊపాను. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు ఆ తల ఊపడమే.

ఆడవాళ్ళను చిత్రీకరణకు ఒప్పించే పని కూడా నామీదే పడింది. వాళ్ళలో పెద్ద ఎర్రమ్మ. యాభై దాటి ఉంటుంది. పొట్టి మనిషి, గట్టి గొంతు. అత్తగారి నుంచి వచ్చిన వ్యాపారం ఆమెది. హద్దు అవతల ఐదు పల్లెలు ఆమెవే. అక్కడివాళ్ళు వేరేవాళ్ళ దగ్గర కొనరు. కళాదర్శకుడు ఆమె బుట్ట విప్పి చూపించమంటే ససేమిరా అంది. ఆ బుట్టలను తాటాకుతో కప్పి, అంచు చుట్టూ పురికొసతో కుట్టేస్తారు.

“కుట్టిన బుట్ట నాను ఇప్పకూడదు బాబూ. కొనీవోలే ఇప్పాల. మద్దెలో ఇప్పినామంటే పాతసరుకు కలిపినామంటారు,” అని అతనికి వివరించింది. ఒక్కొక్కరి కుట్టు ఒక్కో తీరుగా ఉంటుందట. ఎర్రమ్మ కుట్టు ఏటవాలుగా పోయి, మూల దగ్గర రెండుసార్లు తిరుగుతుంది. కొనేవాళ్ళు చేపను కాదు, ముందు ఆ కుట్టును చూస్తారు. చివరికి ఇంటి దగ్గర్నుంచి ఖాళీ బుట్టలు తెచ్చి ఇస్తానంది. నన్ను పక్కకు పిలిచి, “ఇందల తప్పేటీ నేదు గదా బాబూ? రేపెవులైనా ఏటైనా అంటారేటి?” అని అడిగింది. ఏమీ కాదమ్మా, నేనున్నాను కదా అన్నాను.

మరుసటి శుక్రవారం మహేంద్రతనయ ఇసుకలో చిత్రీకరణ జరిగింది. మంచు చాలదన్నట్టు పొగ యంత్రం కూడా తెచ్చారు. ఆ తెల్లదనంలోంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు నలుగురు ఆడవాళ్ళు బుట్టలతో నడిచి రావాలి. గట్టు మీద, తెల్లపంచె కట్టుకుని, ఆ గంజాయి దొర చూస్తూ నిలబడాలి. ఆ వేషం కట్టిన నటుడు మహా మెతక మనిషి. ఇసుకలో చీమలు తొక్కకుండా నడిచేవాడు. కెమెరా తిరగగానే మాత్రం అతని కళ్ళు చూస్తే నాకే అతని చేతులకు సంకెళ్ళు వేయాలనిపించింది. ఏడుసార్లు నడిపించారు. నాలుగోసారి ఎర్రమ్మ ఆగి, “మల్లీ ఎనక్కేనా? ఏటి మరిసిపోనారు అక్కడ?” అంది. అందరం నవ్వాం. ఏడోసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ పొగలోంచి వాళ్ళు వస్తుంటే, నది అవతల ఏదో వేరే లోకం ఉన్నట్టు, వాళ్ళు అక్కడి నుంచే వస్తున్నట్టు అనిపించింది. నేను నోరు తెరుచుకుని చూశాను. ఇంత అందమైన దానికి బీజం వేసింది నేనే కదా అని గర్వపడ్డాను కూడా.

బుట్టలో గంజాయి పొట్లాలు కనిపించే దగ్గరి దృశ్యాన్ని ఆడవాళ్ళు వెళ్ళిపోయాక విడిగా తీశారు. ఎడిటింగులో రెండూ కలిపేస్తారు. నడిచేవాళ్ళకు తామేం మోస్తున్నామో తెలియదు. చూసేవాళ్ళకు తెలుస్తుంది. టెలివిజన్ పనిలో అది మామూలే అని నాకప్పుడే తెలిసింది. ఎర్రమ్మకు చెప్పాలని మాత్రం తోచలేదు.

ఎపిసోడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది. విజయనగరంలో ఇంట్లోనే చూశాను. మొదట నల్లటి తెర మీద ‘వాస్తవ సంఘటనల ఆధారంగా’ అని, దాని కింద ‘శాఖాధికారుల సలహాతో’ అని అక్షరాలు వచ్చాయి. తరవాత మంచు. మంచులోంచి పాదాలు. బుట్టలు. ఎర్రమ్మ ముఖం, తెర నిండా. తరవాత తాటాకు చీల్చుతున్న చేతులు, చేపల అడుగున పొట్లాలు. మా ఆవిడ, “నిజంగా ఇలా తెస్తారా అండీ?” అని ఆశ్చర్యపోయింది. నేను మళ్ళీ తల ఊపాను. విచిత్రమేమిటంటే, అది నేను కల్పించిందే అయినా, చూస్తున్నంతసేపూ అది ఎప్పుడో జరిగినట్టు, నేనే పట్టుకోలేకపోయినట్టు బెంగ కలిగింది. ఆ వారమంతా నిద్ర పట్టగానే బుట్టలు వచ్చేవి. ఒకదాని వెనక ఒకటి, ఎన్ని దాటినా తరగకుండా, మంచులోంచి వస్తూనే ఉండేవి.

పది రోజులకు పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ‘విశ్వసనీయ సమాచారం మేరకు, కొందరు వ్యక్తులు ఎండుచేపల సరుకు మాటున గంజాయి రవాణా చేస్తున్నట్లు తెలియుచున్నది. కావున సరిహద్దు చెక్‌పోస్టుల సిబ్బంది సదరు బుట్టలను విధిగా విప్పి తనిఖీ చేయవలెను’ అని అందులో ఉంది. ఆ విశ్వసనీయ సమాచారం ఎక్కడిదో నాకు తెలుసు. మంచులో టీ తాగుతూ నేను ఊపిన తల నుంచి పుట్టి, తెర మీదికెక్కి, జిల్లా అంతా తిరిగి, ముద్ర వేయించుకుని మళ్ళీ నా బల్ల మీదికే వచ్చింది.

నేను చేయవలసింది అప్పుడే చేసి ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని ఉండేది కాదు. ఆర్డరు ఆర్డరే అనుకున్నాను. పైగా నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. టీవీలో చూసి ఎవడైనా నిజంగానే అలా చేయడం మొదలుపెడితే? అని. సింహాచలానికి అది బుర్రకెక్కలేదు. “సార్, గంజాయి కొండల్నించి కిందికి దిగుతాది. ఎండుసేప కిందనించి కొండలకెల్తాది. మరి ఈలు ఆ పక్కకి గంజాయి ఎందుకు మోసుకెల్తారు?” అని అడిగాడు. సముద్రం ఒడ్డు నుంచి కొండకు గంజాయి తీసుకెళ్ళడమంటే ఏటి ఒడ్డుకు పోయి ఇసుక అమ్మడమే. ఆ సంగతి మాట అన్న రోజున నాకు తట్టలేదు. కొండల నుంచి తిరిగొచ్చేటప్పుడు వాళ్ళ బుట్టలు ఖాళీ; దర్శకుడికి నిండు బుట్టలే కావాలి కాబట్టి అతనికీ తట్టలేదు. సర్క్యులర్ రాసినవారికీ తట్టలేదు. తట్టింది ఒక్క హెడ్ కానిస్టేబులుకి. చెప్పిన పని చేయవయ్యా అని అతన్ని కసిరాను.

మొదటి శుక్రవారం నలుగురూ వచ్చారు. కానిస్టేబుళ్ళు కత్తితో పురికొస కోసి, తాటాకు లాగేసి, ధాన్యం బస్తాల్లో గుచ్చే ఇనపచువ్వతో లోపలంతా కెలికారు. వాళ్ళు తెచ్చే నెత్తళ్ళు, అంటే వేలెడంత ఎండుచేపలు, ఎండిన ఆకుల్లాంటివి. చువ్వ తగిలితే నలిగి పొడి అవుతాయి. ఆ పొడి మీద మంచు పడి మెత్తబడింది. ఏమీ దొరకలేదు. నేను గదిలోంచి బయటికి రాలేదు. రిజిస్టరులో ‘తనిఖీ చేయడమైనది, అభ్యంతరకరమైనవి లేవు’ అని రాశాను. రెండో శుక్రవారం కూడా అదే వాక్యం. మూడో శుక్రవారం ఎర్రమ్మ ఒక్కతే వచ్చింది.

ఆ రోజు కోయనివ్వకుండా బుట్ట దించి, నేరుగా నా గదిలోకి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“బాబూ, ఒక మాటడుగుతాను, కోపం సేసుకోకండి. టీవీల నా బుట్టల గంజాయెట్టినారంట. నాను సూడ్నేదు, మా పల్లెలో సూసినారు. అవతల మా కొనీవోలూ సూసినారు. ముందు నవ్వినారు, ఆసికాలాడినారు. తరవాత ఆడడం మానేసినారు. ఇప్పుడు బుట్ట సూస్తే కుట్టు కోసేసుంటాది. ఈ మడిసిని పోలీసులు పట్టుకున్నారు అనుకుంటన్నారు. మాయత్త కాడినించి కొన్నోలు బాబూ, మొన్న తలుపేసుకున్నారు. నా బుట్టల గంజాయెట్టింది ఎవులు?”

సినిమావాళ్ళు పెట్టారమ్మా అన్నాను.

“ఆలకి ఎవులు సెప్పినారు?”

ఆ ప్రశ్న అడుగుతుందని నేను అనుకోలేదు. బల్ల మీది లక్క ముక్కను ఇటు తిప్పి అటు తిప్పి చూశాను. గుమ్మం దగ్గర సింహాచలం నిలబడి ఉన్నాడు. అతనికి ముందే తెలుసేమో అనిపించింది. నేనే చెప్పాను అన్నాను.

ఎర్రమ్మ కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. “ఎందుకలగ సెప్పినారు?” అంది. వాళ్ళు అడిగారు అన్నాను. ఆ జవాబు నా చెవికే ఎంత బోలుగా వినబడిందో చెప్పలేను. ఆమె చీర కొంగు సర్దుకుని, “మరైతే ఆ మాట నాకు కాదు, మీ పెద్దోలకి సెప్పండి,” అని బయటికి నడిచింది. ఆ రోజు బుట్ట కోయవద్దని చెప్పాను. ఆర్డరును నేను ధిక్కరించడం అదే మొదటిసారి, ఆఖరిసారి కూడా.

సాయంత్రం సూపరింటెండెంటుగారికి ఫోన్ చేశాను. ఆయన మంచివారే. అంతా విని, కాసేపు నవ్వారు. తరవాత, “కాగితం మీద పెట్టకయ్యా. రెండు నెలలు పోతే ఆ సర్క్యులర్ దానంతటదే చల్లబడుతుంది. నీ పేరు ప్రమోషన్ ప్యానల్లో ఉంది, తెలుసు కదా,” అన్నారు. తెలుసు. అసిస్టెంట్ సూపరింటెండెంటుగా రిటైరవడం, సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరవడం ఒకటి కాదు. ఆయన వద్దన్న సంగతినే ఆయన పేర ఉత్తరంగా రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ధైర్యవంతుడినని చెప్పుకోను. ఆ రెండు రోజులూ రాయకుండా తప్పించుకునే దారుల కోసమే వెతికాను.

చివరికి పంచనామా రాసే పద్ధతిలోనే రాశాను. ఫలానా తేదీన, ఫలానా దర్శకుడితో, ఫలానా మాట నేను అన్నాననీ, అది నా ఊహ తప్ప మరేమీ కాదనీ, ఈ పోస్టు రిజిస్టర్లలో అలాంటి కేసు ఏదీ నమోదు కాలేదనీ, సరుకు పోయే దిక్కును బట్టి చూసినా అది అసంభవమనీ రాశాను. ఆ దిక్కు సంగతి గుర్తించినది హెడ్ కానిస్టేబులు సింహాచలం అని కూడా రాశాను. చదివి వినిపిస్తే, “నా పేరెందుకు సార్ ఇందల,” అని భయపడ్డాడు. తీసేయలేదు.

మార్చి నెలాఖరుకు సర్క్యులర్‌ను ఉపసంహరించుకున్నారు. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబిచ్చాను. అభిశంసన, అంటే సర్వీసు రిజిస్టరులో ఎక్కే మందలింపు, నమోదైంది. ఆ ఏడు ప్యానల్లో నా పేరు లేదు. మరుసటి ఏడూ లేదు. 2018లో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగానే రిటైరయ్యాను. అందులో అన్యాయమేమీ లేదు. ప్రణీత్‌కు కూడా ఫోన్ చేశాను. చాలా నొచ్చుకున్నాడు. కానీ మీరు చెబితేనే కదా సార్ అన్నాడు. అదీ నిజమే. ఐదో ఎపిసోడు చివర ‘ఇందులోని పద్ధతులు కల్పితాలు’ అని ఒక వాక్యం వేశాడు. కన్ను మూసి తెరిచేలోగా అది వెళ్ళిపోయింది.

బుట్టలు కోయడం ఆగాక మిగతా ముగ్గురిలో ఇద్దరు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. తెర మీద వాళ్ళ ముఖాలు అంత స్పష్టంగా కనబడలేదు. ఎర్రమ్మ రాలేదు. ప్రతి శుక్రవారం మంచులోకి చూసేవాణ్ణి. బుట్ట కనబడితే లేచి గేటు దాకా వెళ్ళేవాణ్ణి. దగ్గరికొస్తే వేరే మనిషి.

2016లో ఒకసారి పనిమీద శ్రీకాకుళం వెళ్ళి, ఆమదాలవలసలో రైలెక్కడానికి స్టేషనుకు వచ్చాను. బయట రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి, ఎండురొయ్యలు కుప్పలుగా పోసి అమ్ముతూ ఆమె కనిపించింది. అక్కడ కొనేవాళ్ళు రైలు దిగి పోయేవాళ్ళు. ఎవరి దగ్గర కొన్నారో మరుసటిరోజుకు గుర్తుండని మనుషులు. బుట్ట లేదు, కుట్టు లేదు. పోల్చుకుంటుందో లేదోనని ఆగాను. వెంటనే పోల్చుకుంది. బాగున్నారా బాబూ అని పలకరించింది. ఆ పలకరింపులో కోపం లేకపోవడమే నాకు కష్టంగా తోచింది.

ఆ మాట మా పెద్దవాళ్ళకు చెప్పానమ్మా, కాగితం మీద రాసిచ్చాను, ఆర్డరు తీసేశారు, నువ్వు మళ్ళీ వెళ్ళవచ్చు కదా అన్నాను.

“సింహాచలం బాబు సెప్పినాడు. రాసినారంట, మంచిదే,” అంది. ఒక గిరాకీ వస్తే దోసెడు రొయ్యలు పొట్లం కట్టి ఇచ్చి, మళ్ళీ నావైపు తిరిగింది. “రెండుపాలి ఎల్లినాను బాబూ. నేదు, ఇంక కుదర్నేదు. టీవీ ఆలందరూ సూసినారు. మీ కాగితం ఎవులు సూసినారు?”

నా రైలు వచ్చే వేళయింది. లోపలికి వెళ్ళిపోయాను.

నా కాగితాన్ని సూపరింటెండెంటుగారు, ఆయన ఆఫీసులో గుమాస్తా, సింహాచలం, నేను, మొత్తం నలుగురం చూశాం. ఉద్యోగంలో ఉన్నవాడు చెప్పే కథ కథగా మిగలదని ఆ పోస్టులో నేర్చుకున్నాను. వాడు ఊరికే తల ఊపినా అది వాంగ్మూలమే. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే అది ఎంతమందికి చేరిందో అంతమందికీ మళ్ళీ చెప్పాలి. ఆ ఐదు పల్లెలూ నా పోస్టుకు రెండు గంటల నడకలోనే ఉన్నాయి. నాలుగేళ్ళు అక్కడున్నాను. ఒక్కసారి కూడా నడిచి వెళ్ళి, ఆ తలుపులు తట్టి, తప్పు నాది అని చెప్పలేదు. అలా చెప్పాలని ఏ రూల్సులోనూ లేదు. రూల్సులో లేనిది నాకు తోచలేదు.